చింతగింజలో అయిదో గీత

కదిరి బస్టాండు వెనక సందులో కుళ్ళాయప్ప వాచీల అంగడికి ఒక పేరుంది. ఆ చెయ్యి పడిన గడియారం మళ్ళీ తప్పు చెప్పదని. జనం చేతికి వాచీ కట్టడం మానేసి ఎన్నేళ్ళయినా ఆ అంగడి మాత్రం మూతపడలేదు. తాత వాచీ, పెళ్ళి వాచీ అంటూ ఎవరో ఒకరు పట్టుకొస్తూనే ఉన్నారు. గల్లాపెట్టె పైన గోడకు ఒక ఫ్రేము వేలాడుతుంటుంది. దాంట్లో ఏడు అడ్డగీతలు. పైనా కిందా పొట్టివి, నడుమ పొడుగువి. అన్నీ కలిపి చూస్తే అచ్చం చింతగింజ. నడిమి గీత పక్కన ‘అయిదో నంబరు, కుళ్ళాయప్ప, 2.1 సెకన్లు’ అని అచ్చు వేసి ఉంటుంది.

అదేందని ఎవరన్నా అడిగితే ఆయన "ఆకాశంలో ఒక రాయిలే" అని తల వంచుకుని పనిలో పడేవాడు. ఎంత వినయమో అనుకునేవాళ్ళు జనం. వినయమూ లేదు, వంకాయా లేదు. తేలు కుట్టిన దొంగ గమ్మున ఉండకపోతే ఏం చేస్తాడు? ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఫ్రేము కిందే కూర్చుని ఊరి గడియారాలన్నిటికీ నిజం నేర్పుతున్నాడు మహానుభావుడు.

ఒక మంగళవారం పొద్దున అంగడి తెరుస్తుండగా ఆయన ఫోనుకు ఒక మాట వచ్చింది. అది బయల్దేరి అప్పటికే పందొమ్మిది నిమిషాలయింది. అంత దూరం నుంచి వచ్చింది మరి. మాట్లాడింది షాహీన్. మసీదు వెనక వీధి నర్సు మాబున్ని కూతురు. ‘తూనీగ’ అనే ఓడలో అయిదుగురితో కలిసి అంగారకుడి అవతలికి వెళ్ళి రెండున్నరేళ్ళయింది. ఇప్పుడు ఇంటిదారి పట్టే సమయం.

"మామా, ఇంకో మూడు వారాల్లో మన చింతగింజ దగ్గరికి వస్తాం. ఆ రాత్రి మీరందరూ క్యాసెట్లలో మాట్లాడినారు కదా, అవి ఎవరి దగ్గరన్నా ఉంటే పంపు. మా అమ్మ దగ్గర లేదు, ఆమెది స్టాప్‌వాచీ. ఆ గొంతులు వింటా ఆ రాయి చుట్టూ తిరగాలని నాకు ఆశ."

కుళ్ళాయప్ప తియ్యబోయిన తాళం గొళ్ళేనికే ఉండిపోయింది.

తూనీగ తిరిగొచ్చే పద్ధతి ఊళ్ళో పిల్లలక్కూడా తెలుసు. బళ్ళో అందరూ ఆడి చూసిందే. పరుగెత్తుతూ వచ్చి వరండా గుంజను ఒక చేత్తో పట్టుకుంటే ఏమవుతుంది? ఒళ్ళు గిర్రున తిరిగి వచ్చిన వైపే పోతుంది. కాలితో నేలను తన్నే పని ఉండదు. ఓడకూ అంతే. వెనక్కి తిరగడానికి కావలసిన ఇంధనం మోసుకుపోతే ఓడ లేవనే లేవదు. అందుకని ఉక్కును మించిన నారతో వందల కిలోమీటర్ల తాడు పేనారు. దాని కొసకు ఒక కొక్కెం. దారిలో తగిన రాతి నడిబొడ్డున కొక్కెం దిగ్గొడతారు, తాడు బిగుస్తుంది, ఓడ చుట్టు తిరిగి భూమి ముఖం పడుతుంది. దీన్ని గుంజమలుపు అన్నారు. కొక్కెం తప్పితే మాత్రం రెండో గుంజ లేదు. ఓడ అట్లాగే ముందుకు పోతుంది, ఆరుగురితో సహా.

ఆకాశంలో అన్ని రాళ్ళుండగా ఈ చింతగింజనే ఎందుకు ఎంచారంటే, బొగ్గులాంటి ఆ నల్లరాయి ఆకారాన్ని తొమ్మిదిమంది మనుషులు ఒకే రాత్రి, ఒకే వరసలో నిలబడి కొలిచారు గనుక. పెద్ద పెద్ద దుర్భిణులకు కూడా అది చుక్కగానే కనబడుతుంది. మిగతా రాళ్ళకు ఇంత మంచి కొలత లేదు. కొక్కెం దిగాల్సింది రాతి నట్టనడుమ. అంటే కుళ్ళాయప్ప గీత మీద.

ఆ రాత్రి సంగతి చెప్పుకోవాలి.

అనంతపురం కాలేజీలో ద్వారకానాథ్ అని ఫిజిక్స్ లెక్చరర్ ఉండేవాడు. చుక్కల పిచ్చి ఉన్నవాళ్ళను, తనతో కలిపి తొమ్మిదిమందయ్యేట్టు, ఎనిమిదిమందిని పోగుచేసి, ఆదివారాలు కూర్చోబెట్టి, గాజుబిళ్ళలు అరగదీయించి తలా ఒక టెలిస్కోపు చేయించాడు. వాచీల కుళ్ళాయప్ప, నర్సు మాబున్ని, ఒక పోస్టుమాన్, ఒక లారీ డ్రైవరు, ఇట్లా అందరూ పనీపాటా చేసుకునేవాళ్ళే. ఒక చుక్క ముందు నుంచి ఆ రాయి పోబోతోందని ఆయనకు లెక్క తేలింది. రాయి అడ్డం వచ్చినంతసేపు చుక్క ఆరుతుంది. ఆ నీడ కదిరి నుంచి పులివెందుల పోయే దారి మీద పడుతుంది. నాలుగేసి కిలోమీటర్లకు ఒకరు నిలబడి, చుక్క ఎంతసేపు ఆరిందో కొలిచి, ఆ కొలతలను గీతలుగా వరసన పేరిస్తే రాతి ఆకారం వచ్చేస్తుంది.

"ఆరకపోతే ఆరలేదనే చెప్పండి. అదీ కొలతే," అని ముందే చెప్పాడాయన.

తలుపుల ఊరు దాటాక గుట్ట పక్కన కుళ్ళాయప్పది అయిదో నంబరు, నట్టనడుమ. రేడియోలో సెకనుకొక టిక్కు వినబడుతుంటే, కన్ను చుక్క మీద పెట్టి, టేపురికార్డరులోకి ప్రతి టిక్కుకూ "ఉంది" అనాలి. ఆరితే "పోయింది", మళ్ళీ కనబడితే "వచ్చింది". ఆయన "ఉంది, ఉంది" అంటూనే ఉన్నాడు. చుక్క పోలేదు. లెక్క ప్రకారం రావలసిన నిమిషం వచ్చింది, దాటింది. ఆయనకు చెమటలు పట్టాయి. తప్పు చుక్క మీద పెట్టానా? కన్నార్పానా? ఊరికి టైము చెప్పేవాడికి టైమే దొరక్కపోవడమా?

తెల్లారి తలుపుల టీ హోటల్లో అందరూ చేరారు. లెక్చరర్ నోటుబుక్కు తీసి నంబర్ల వారీగా పిలిచాడు. ఒకటో నంబరు ఆరలేదన్నాడు. సరే, అంచులో ఉన్నాడు, ఇది రాతి అంచు అన్నమాట అని రాసుకున్నారు. రెండు, ఆరింది. మూడు, ఆరింది. నాలుగు, ఆరింది. తర్వాత అయిదు. అంచున ఉన్నవాడికి ఆరకపోతే అది కొలత. నడుమ ఉన్నవాడికి ఆరకపోతే అది నిద్ర. ఎనిమిది మొహాలు తన వైపు తిరిగాయి. నడిమివాళ్ళకు రెండు సెకన్ల చిల్లర ఆరుతుందని ముందురోజు సారు చెప్పిన మాట కుళ్ళాయప్పకు గుర్తుంది.

"రెండూ పాయింట్ ఒకటి సార్," అన్నాడు. క్యాసెట్ వినిపించమని ఎవరూ అడగలేదు.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఇది బ్రహ్మాండంగా అతికింది. ఎంత బాగా అతికిందంటే, పక్కనున్న నిజాలు ఎబ్బెట్టుగా కనబడ్డాయి. నాలుగో నంబరు పోస్టుమాన్ ఒకటీ పాయింట్ రెండు అని ఉన్నాడు. ఆరో నంబరు మాబున్ని ఒకటే సెకను అంది. నడిమి గీత అంత పొడుగ్గా ఉండి పక్క గీతలు అంత పొట్టిగా ఎట్లా ఉంటాయి? చేతి తడబాటు అనుకున్నారు. పోస్టుమాన్ నవ్వేసి, "నా చెయ్యి మొద్దు సార్, దిద్దుకోండి" అన్నాడు. మాబున్ని ఒప్పుకోలేదు. రోజుకు నలభై నాడులు చూసే చెయ్యి నాది, తడబడదు అంది. లెక్చరర్ మెత్తగా నచ్చజెప్పి ఆమె కొలతను దిద్దాడు.

ఆ వారమే ఆమె స్టాప్‌వాచీ తెచ్చి కుళ్ళాయప్ప ముందు పెట్టింది. తొమ్మిదేళ్ళ షాహీన్ కూడా వచ్చింది. ఆ రాత్రి తల్లికి టార్చిలైటు పట్టింది ఆ పిల్లే. వాచీ నెమ్మదిగా పోతోందేమో చూడమంది మాబున్ని. ఆయన దాన్ని విప్పి, రేడియో టిక్కులతో గంటసేపు సరిచూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. "వాచీ సరిగ్గానే ఉందక్కా," అని తిరిగిచ్చాడు. ఆ వారమంతటిలో ఆయన ఆడిన నిజం అదొక్కటే. ఆమె గుండెలో గునపంలా దిగిందీ అదే. వాచీ సరిగ్గా ఉంటే తప్పు చేతిదే గదా! మాబున్ని మళ్ళీ టెలిస్కోపు ముట్టుకోలేదు.

షాహీన్ మాట విన్న పొద్దున కుళ్ళాయప్ప అంగడి తెరవలేదు. ఇంటికి వెళ్ళి అటక మీది రేకుపెట్టె దించాడు. క్యాసెట్ ఉంది. ఆ రాత్రి తర్వాత దాన్ని ఒక్కసారి కూడా వినలేదు. తన తప్పును తానే వినడానికి ఎవరికి ముచ్చట? టేపురికార్డరు బెల్టు తెగిపోయి ఉంటే వేరేది వేసి, చక్రాలకు నూనె పెట్టి నొక్కాడు.

రేడియో టిక్కులు. వాటి వెంట ముప్పై ఏళ్ళ కుర్రవాడి గొంతు. మొదట్లో దర్జాగా మాట్లాడుతున్నాడు. "సార్ చెప్పిన చుక్కే. పైన చిన్న జంట ఉంది. కింద వంకర తోక మాదిరి మూడు. అదే, అనుమానం లేదు." తర్వాత, "ఉంది. ఉంది. ఉంది..."

కుళ్ళాయప్ప టేపు ఆపాడు. చుక్కల పటం తెచ్చి ఆ చుక్క చుట్టూ చూశాడు. పైన చిన్న జంట. కింద వంకర తోకలో మూడు. ఆయన చుక్క తప్పలేదు. మళ్ళీ పెట్టి చివరిదాకా విన్నాడు. టిక్కుకొక "ఉంది". ఒక్కటీ తప్పలేదు, నిద్రపోలేదు. అంటే చుక్క ఆరనేలేదు. అయితే అటు నాలుగో నంబరుకూ ఇటు ఆరో నంబరుకూ ఎట్లా ఆరింది?

కాగితం తీసుకుని దిద్దని పాత కొలతలు రాశాడు. రెండు నుంచి మూడుకు పెరిగి, నాలుగు దగ్గర తగ్గింది. ఆరు దగ్గర చిన్నగా మొదలై, ఏడు దగ్గర పెరిగి, ఎనిమిదికి తగ్గింది. నడుమ అయిదు దగ్గర ఏమీ లేదు. చింతగింజ కాదది. రెండు వేరు వేరు రాళ్ళు. ఒప్పులకుప్ప ఆడే ఆడపిల్లల్లా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. వాటి నడుమ సందు. ఆ రాత్రి ఆ సందులోంచి చుక్కను చూసింది ప్రపంచంలో తనొక్కడే. చూసి, సిగ్గుపడి, ఆ సందును అబద్ధంతో పూడ్చిపెట్టాడు.

ఇప్పుడు ఆరుగురు మనుషులు ఆ సందులోకి కొక్కెం విసరబోతున్నారు.

భార్య నాగరత్న అన్నం పెట్టి పిలిస్తే ఆయన జరిగిందంతా చెప్పాడు. ఆమె ఆయన చొక్కా తెచ్చి చేతిలో పెట్టి, పదిన్నర బస్సు దొరుకుతుంది, అనంతపురం పొమ్మంది.

ద్వారకానాథ్‌కు ఇప్పుడు డెబ్బై మూడు. చుక్కల సంఘం ఇంకా నడుపుతూనే ఉన్నాడు. కుళ్ళాయప్ప చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. క్యాసెట్ రెండుసార్లు విన్నాడు.

"ఆరకపోతే ఆరలేదనే చెప్పమన్నాను. గుర్తుందా?" అని అడిగాడు.

"గుర్తుంది సార్."

"మాబున్ని కొలత దిద్దింది నా చెయ్యి. అది నాకు గుర్తుంది," అన్నాడు పెద్దాయన. ఇక తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదని కుళ్ళాయప్పకు అనిపించింది.

ఓడను నడిపే కేంద్రంవాళ్ళతో లెక్చరర్ ఆ సాయంత్రమే మాట్లాడాడు. వాళ్ళు మర్యాదగానే విన్నారు. కానీ వాళ్ళ చిక్కు వాళ్ళది. ఇరవై ఎనిమిదేళ్ళ కింద అబద్ధం ఆడానని ఒకాయన ఒప్పుకుంటున్నాడు. అప్పుడు ఆడింది అబద్ధమో, ఇప్పుడు ఆడుతున్నది అబద్ధమో ఎవరు తేల్చాలి? క్యాసెట్ పాతది, గొంతు ఆయనదే. ఓడ కెమెరాకు రాయి ఆకారం కనబడేది చివరి రెండు రోజుల్లో. కొక్కెం గురి మాత్రం ఇంకో పన్నెండు రోజుల్లో ఖాయం చెయ్యాలి. ఆ తర్వాత ఓడ పక్కకు జరగడానికి చాలినంత ఇంధనం లేదు. మాటలొద్దు, బొమ్మలు తీసుకురండి అన్నారు.

లెక్చరర్ రెండు రాత్రులు కూర్చుని లెక్కలు కట్టాడు. ఆ రాయి నీడ తొమ్మిదో రోజు తెల్లవారుజామున మళ్ళీ మన నేల మీదే పడబోతోంది. గుత్తి నుంచి ఆదోని పోయే దారి మీద. అయిదుంబావు దాటాక, తూర్పు తెల్లబడే వేళ. రెండు రాళ్ళూ ఒకదాని వెనకొకటి నిలబడి ఉంటే సందు కనబడదు. మబ్బు పడితే ఏదీ కనబడదు. అయినా తొమ్మిదిమంది కావాలి. పాతవాళ్ళలో నలుగురు పోయారు, ఇద్దరికి చూపు లేదు. సంఘంలోని కొత్తవాళ్ళు ఆరుగురు ముందుకొచ్చారు. లెక్చరర్ ఏడో నంబరు తీసుకున్నాడు. అయిదుకు కుళ్ళాయప్ప. ఆరో నంబరు ఖాళీగా ఉంది.

"ఆమెను నువ్వే అడగాలి," అన్నాడు లెక్చరర్.

కుళ్ళాయప్ప వెళ్ళేసరికి మాబున్ని వరండాలో పక్కింటి ముసలమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూస్తోంది. గోడ గడియారం వైపు చూస్తూ లెక్కపెట్టింది. చెయ్యి వదలకుండా మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టింది. అప్పుడు గానీ నంబరు చెప్పలేదు. ముసలమ్మ వెళ్ళేదాకా ఆయన మెట్టు మీదే నిలబడ్డాడు.

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క ముక్క దాచకుండా. మాబున్ని మధ్యలో ఒక్కసారే కదిలింది, పిల్ల పేరు వచ్చినప్పుడు.

"రెండుసార్లు," అంది చివరికి. "చూసినావు కదా ఇప్పుడు. సర్వీసంతా అంతే. ప్రతి నాడీ రెండుసార్లు లెక్కబెట్టినా. కాన్పులప్పుడు బిడ్డ గుండె రెండుసార్లు విన్యా. నా చేతిని నేనే నమ్మలేదు కుళ్ళాయప్పా. డాక్టర్లు నవ్వేవాళ్ళు. నీ దగ్గరికి వాచీ తెచ్చినప్పుడన్నా చెప్పొచ్చు కదప్పా."

"చెప్పొచ్చక్కా. చెప్పలేదు."

క్షమించమని ఆయన అడగలేదు. ఆమె కూడా ఆ మాట ఎత్తలేదు.

"షాహీన్‌కు చెప్పినావా?"

"లేదు. ముందు నీకు చెప్పాలని వచ్చినా."

"చెప్పు. నా ఎదురుగా చెప్పు."

ఆయన ఫోను తీసి షాహీన్‌కు అంతా మళ్ళీ చెప్పాడు. పంపాడు. మాట పోవడానికి పందొమ్మిది నిమిషాలు, రావడానికి పందొమ్మిది. ఇద్దరూ వరండాలో చెరోవైపు కూర్చున్నారు. ఆ ముప్పై ఎనిమిది నిమిషాల్లో నడిచినంత నెమ్మదిగా కుళ్ళాయప్ప జీవితంలో ఏ గడియారమూ నడవలేదు. ఆ పిల్ల ఏడుస్తుందా, తిడుతుందా, మాట్లాడకుండా ఉంటుందా అని ఆయన ఫోను వైపే చూస్తున్నాడు.

షాహీన్ గొంతు వచ్చింది. "మామా, క్యాసెట్ మొత్తం పంపు, కోయకుండా. సందు వెడల్పు ఎంత ఉండొచ్చో నాకు కావాల. ఈ మాట మా వాళ్ళకు నేనే చెప్తా. అమ్మా, నువ్వు వింటాంటావని తెలుసు. నువ్వు ఒక సెకను అన్నావు. ఆ రాత్రి నేను టార్చి పట్టుకుని నీ బొటనవేలునే చూస్తాంటి. నీ వేలు తడబడలేదమ్మా. నేను అప్పుడే చెప్పినా, ఎవరూ విన్లేదు."

మాబున్ని లేచి లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో పాత స్టాప్‌వాచీ ఉంది, గుడ్డలో చుట్టి.

"ఆరో నంబరు నాది," అంది. "యాడికి రావాల, ఎన్ని గంటలకు?"

ఆ వారం కుళ్ళాయప్ప అంగట్లో వాచీలు ముట్టలేదు. తొమ్మిది కెమెరాలు, తొమ్మిది మూడుకాళ్ళ స్టాండ్లు అంగడి నిండా పరిచాడు. పాత పద్ధతే మేలని లెక్చరర్ తేల్చాడు. కెమెరాను కదలకుండా పెడితే భూమి తిరుగుతుంది గనుక చుక్క బొమ్మలో గీతగా సాగుతుంది. చుక్క ఆరిన చోట గీత తెగుతుంది. తెగిన మేర ఎంతో కొలిస్తే సెకన్లు తెలుస్తాయి. ఎవరి నోటినీ నమ్మే పని లేదు. ఒక్కో కెమెరా గడియారాన్నీ కుళ్ళాయప్ప సెకనులో వందో వంతు దాకా సరిచూశాడు. అయిదో నంబరుది మాత్రం తాను చూడకుండా లెక్చరర్ చేత చూయించి, సీలు వేయించాడు. అది ఎవరూ అడగలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం మబ్బు పట్టింది. ఆదోని దారిలో పత్తిచేల పక్కన తొమ్మిదిచోట్ల తొమ్మిది జీపులు ఆపి అందరూ ఆకాశం చూస్తూ కూర్చున్నారు. మూడింటికి పడమటి గాలి లేచింది. నాలుగున్నరకు మబ్బు చీలింది. అయిదు దాటేసరికి తూర్పు పాలిపోతోంది, చిన్న చుక్కలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. మంచుకు అద్దం మసకబారుతుంటే కుళ్ళాయప్ప తన తలగుడ్డ విప్పి గొట్టానికి చుట్టాడు. కెమెరా తెరిచి పెట్టాడు. టెలిస్కోపులో కన్ను పెట్టాడు. ఎవరూ చెప్పకపోయినా, ఆ పాత టేపురికార్డరు కూడా తెచ్చుకుని నొక్కాడు.

"ఉంది," అన్నాడు. "ఉంది. ఉంది."

గొంతు ముసలిదైంది. చుక్క కూడా బలహీనంగా ఉంది, తెల్లవారుతున్న ఆకాశంలో సూదిమొన అంత. అప్పుడు చుక్క ఆరలేదని సిగ్గుపడ్డాడు. ఇప్పుడు ఆరొద్దని నరసింహస్వామికి మొక్కుకున్నాడు. ఆరితే సందు లేనట్టు. ఆరితే కొక్కెం పాత గురికే పోతుంది. నిమిషం వచ్చింది. కన్ను మంటెత్తింది, నీరు కారింది. రెప్ప వెయ్యలేదు.

"ఉంది. ఉంది. ఉంది. ఉంది."

నిమిషం దాటింది. ఆయన ఇంకో నలభై టిక్కుల దాకా అంటూనే ఉన్నాడు, ఇక చుక్క పగటి వెలుగులో కలిసిపోయేదాకా.

ఫోనులో అందరూ కలిశారు. ఆ రోజులాగే లెక్చరర్ నంబర్ల వారీగా పిలిచాడు. కేంద్రంవాళ్ళు కూడా వింటున్నారు.

"ఒకటి?"

ఆరలేదన్నారు. రెండు, ఆరింది. మూడు, ఆరింది. నాలుగు, ఆరింది.

"అయిదు?"

కుళ్ళాయప్ప టేపు ఆపాడు. పత్తిచేలో ఎక్కడో కముజుపిట్ట అరిచింది.

"ఆరలేదు సార్," అన్నాడు. "నాకు ఆరలేదు."

లెక్చరర్ రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆరో నంబరు పిలవకముందే మాబున్ని చెప్పింది, గట్టిగా, "ఆరింది. ఒకటీ పాయింట్ నాలుగు. దిద్దే పని లేదు."

గంటలో తొమ్మిది బొమ్మలూ కేంద్రానికి చేరాయి. ఒకదాని కింద ఒకటి పేర్చి చూశారు. ఒకటీ తొమ్మిదీ అంచువి, గీతలు నిండుగా ఉన్నాయి. రెండు, మూడు, నాలుగు తెగిన గీతలు. ఆరు, ఏడు, ఎనిమిది తెగిన గీతలు. నడుమ అయిదో గీత ఈ కొస నుంచి ఆ కొసకు ఎక్కడా తెగకుండా సాగింది. ఆరో బొమ్మలో తెగిన మేర కొలిస్తే ఒకటీ పాయింట్ నాలుగు సెకన్లు వచ్చింది. కేంద్రంలోని పెద్దాయన ఒకరు మాబున్నికి ఫోను చేసి మరీ ఆ సంగతి చెప్పాడు. ఆమె సరేనని పెట్టేసింది. తనకు తెలిసిందే గదా.

కొక్కెం గురి మార్చారు. సందులోంచి తీసి, రెంటిలో పెద్దరాయి నడుమకు తిప్పారు. పత్రికలవాళ్ళు కుళ్ళాయప్ప అంగడికి వచ్చారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు ఛీకొట్టారు. పాత కొలతకు ఇచ్చిన పతకాన్ని చుక్కల సంఘం వెనక్కి తీసుకుంది, ఆయనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. వాచీ బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళలో కొందరు సందు మొగదాకా వచ్చి వెనుదిరిగారు. అబద్ధాలకోరు దగ్గర గడియారం ఎట్లా పెట్టాలని. అదీ న్యాయమే. ఆయన గోడ మీది ఫ్రేములోంచి చింతగింజ తీసేసి, తొమ్మిది గీతల బొమ్మ పెట్టాడు. ఎవరన్నా అడిగితే ఇప్పుడు తల వంచుకోవడం లేదు. "నేనొక అబద్ధం చెప్పినా, కూర్చో, చెప్తా" అని స్టూలు జరుపుతున్నాడు.

గుంజమలుపు రోజు మధ్యాహ్నం మాబున్ని అంగడికి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత ఆ మెట్టెక్కడం. ఇంట్లో ఒంటరిగా కూర్చోలేకపోతున్నానంది. నాగరత్న టీ తెచ్చింది, ఎవరూ తాగలేదు. కొక్కెం విసరాల్సిన క్షణం మూడూ పదికి దాటిపోయింది. అంటే ఏమైందో అది అయిపోయింది. వార్త మాత్రం ఇంకా దారిలో ఉంది. అంగట్లో గోడ నిండా గడియారాలు, అన్నీ ఒకే టైము చూపిస్తూ, ఒక్కటిగా టిక్కుమంటున్నాయి. పందొమ్మిది నిమిషాలు.

మూడూ ఇరవై తొమ్మిదికి ఏమీ రాలేదు. మూడూ ముప్పైకి ఏమీ రాలేదు. కుళ్ళాయప్ప బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం చూసి మాబున్ని చప్పున చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది. గోడ గడియారం మీద కన్నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు ఫోను మోగింది. ముందు ఓడ గోడలు మూలుగుతున్న చప్పుడు, ఎవరో దగ్గడం. తర్వాత షాహీన్.

"పట్టుకుంది. అమ్మా, పట్టుకుంది. తాడు బిగిసింది, తిరుగుతాండాం. మామా, నీ క్యాసెట్ పెట్టుకుని తిరుగుతాండాం. ఉంది, ఉంది అంటాండావు. మేము ఆరుగురమూ నీతోపాటు అంటాండాం."

నాగరత్న చెంగుతో మొహం కప్పుకుంది. కుళ్ళాయప్ప ఏడుస్తున్నాడు, సిగ్గులేకుండా, చిన్నపిల్లవాడిలా. మాబున్ని కళ్ళ నుంచీ నీళ్ళు కారుతున్నాయి. అయినా చూపు గడియారం మీది నుంచి తిప్పలేదు, ముల్లు చుట్టు పూర్తయ్యేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

"నూటా పద్దెనిమిది," అంది. "కూర్చో, నీళ్ళు తాగు."

రెండోసారి లెక్కపెట్టలేదు.